కాటన్ దొర విగ్రహానికి చందా ఇవ్వాలా?

ఎర్రమందారం: ఊళ్లో చందాకొచ్చారు, ఇవ్వనన్నాను. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టింది మన మీద ప్రేమతోనా? శిస్తు పెరుగుతుందని. రైళ్లయితే మరీ దారుణం: రాబడి ఉన్నా లేకున్నా లండన్ వాటాదారులకి 5 శాతం గ్యారంటీ, తగ్గితే మన పన్నుల్లోంచి పూడ్చాలి. పెట్టుబడి ఎగుమతి, అంటే పరాయి దేశంలో డబ్బు పెట్టి లాభం పట్టుకుపోవడం అని లెనిన్ అన్నది దీన్నే.

గోదారిగట్టు: ప్రేమో శిస్తో, నీళ్లొచ్చాయా లేదా? మా తాతలు వరన్నం తిన్నది ఆ నీళ్లతోనే. రైళ్లొస్తే వెనకే పరిశ్రమలూ వస్తాయని 1853లో రాసింది మీ మార్క్సే.

పాతపుస్తకం: లెనిన్ మాట్లాడింది 19వ శతాబ్దం చివరి గుత్త పెట్టుబడి (కొద్ది పెద్ద కంపెనీలే అంతా ఏలడం) గురించండీ. 1847కి అంటించకండి.

ఎర్రమందారం: అదే మార్క్స్ 1881లో తన రష్యన్ అనువాదకుడు డేనియల్సన్‌కి రాసిన ఉత్తరం చూడండి. భూమి కౌలు, రైల్వే డివిడెండ్లు, పింఛన్లు, అన్నీ బదులేమీ ఇవ్వకుండా పట్టుకుపోతున్నారని, ఇది నెత్తురు తోడెయ్యడమేనని అన్నాడు.

గోదారిగట్టు: రైళ్ల మీద తగలెయ్యకండి, కాలవలు తవ్వండి అని సీమదొరలతో పోట్లాడింది కాటనే కదా!

పాతపుస్తకం: 1847, 1847. నా మాట ఎవరికీ పట్టదు.

సుంకేసుల: మాది కర్నూలు. మాకూ కాలవ తవ్వారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, అదే 5 శాతం గ్యారంటీ. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనేసింది. 1876–78 కరువులో మా జనం పిట్టల్లా రాలిపోతుంటే ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది.

గోదారిగట్టు: అయ్యో, నిజమే. కానీ ఈ కామ్రేడ్లు మా రైస్‌మిల్లు గేటు దగ్గర జెండా పాతి పదకొండు నెలలు మూయించారు. అది ఏ సామ్రాజ్యవాదం?

ఎర్రమందారం: రోజుకూలి ఎంతిచ్చేవారో ముందు చెప్పండి.

గోదారిగట్టు: సొంత విషయాల్లోకి రాకండి.

ఎర్రమందారం: మిల్లు సంగతి తెచ్చిందెవరు!

సుంకేసుల: ఎర్రమందారం గారూ, మీ పొలమూ కాలవ కిందే అన్నారు మొన్నెప్పుడో. ఎంతుంది?

ఎర్రమందారం: మూడెకరాలు. అన్నయ్య చూస్తాడు. కౌలుకిచ్చాం.

గోదారిగట్టు: కౌలెంతో?

ఎర్రమందారం: ఎకరాకి 30 బస్తాలు. రెండు పంటలకీ కలిపే లెండి.

సుంకేసుల: రెండు పంటలా! మాకు ఒక్కదానికే తడి అందట్లేదు.