ఫెర్రస్, ఫెర్రిక్: రెండూ ఇనుమేనా?

ప్రశ్న: పాప ఐరన్ సిరప్ సీసా మీద ఫెర్రస్ అని ఉంది, తన కెమిస్ట్రీ పుస్తకంలో ఫెర్రిక్ కూడా ఉంది. ఒక్క ఇనుముకి రెండు పేర్లెందుకండీ?

జవాబు: లాటిన్‌లో ఇనుము ఫెర్రమ్. 2 ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఫెర్రస్, 3 పోతే ఫెర్రిక్. లేతాకుపచ్చ ఫెర్రస్ సల్ఫేట్ సీసాకి ఓసారి మూత బిగించడం మర్చిపోయాను. కొన్నాళ్లకి పలుకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. గాలి తగిలి ఫెర్రిక్ అయిందన్నమాట. ల్యాబ్‌లో తిట్లు కూడా తిన్నాను.

ఇంకో జవాబు: వర్క్‌షాపులో లెక్క వేరు. ఇనుము ప్రధానంగా ఉన్న లోహం ఏదైనా ఫెర్రసే. రాగి, అల్యూమినియం నాన్‌ఫెర్రస్. అయస్కాంతం పెట్టి తేల్చేద్దామనుకోకండి, కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్లు దానికి అంటుకోవు.

ప్రశ్న అడిగినాయన: అయస్కాంతంలో అయస్ అన్నా ఇనుమేగా! ఇన్నాళ్లూ తట్టలేదు.