అన్నీ ఒకే పెట్టెలో వచ్చే బ్యాటరీ డ్రిల్ కిట్టు ఇంటికి కొనొచ్చా?

తణుకు_కొత్తిల్లు: సొంతింట్లోకి వచ్చాం. కర్టెన్ రాడ్లు, దేవుడి పటాలు, కిటికీలకి దోమల మెష్, హాల్లో స్లాబుకి ఊయల కొక్కెం, ఇదీ పని. డ్రిల్లు, గ్రైండర్, చెక్క కోసే జిగ్‌సా, రెండు బ్యాటరీలు, లెక్కలేనన్ని బిట్లు కలిపి ఒక పెట్టె ఆన్‌లైన్‌లో ఆరు వేల లోపు కనబడుతోంది. 21 వోల్టులు, 1.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో పట్టే ఛార్జింగ్) అని ఉంది. తీసుకోమంటారా?

ఉలి_సుత్తి (రావులపాలెం): వద్దండి. ముందు ఆ 21 అనేదే మోసం. లోపల ఉండేవి ఐదు సెల్లులు. ఒక్కోటి 3.6 చొప్పున 18 వోల్టులే. ఛార్జింగ్ నిండినప్పుడు ఒక్కోటి 4.2 చూపిస్తుంది, దాన్ని ఐదుతో హెచ్చవేసి పెట్టె మీద కొట్టారు. నేను చెక్కపని చేసుకునేవాణ్ణి, ఈ పెట్టెలు చాలా చూశాను.

రిటైర్డ్_హెడ్డు (భీమవరం): మోసం అనేయడం తొందరపాటండి. పేరున్న కంపెనీ ఒకటి అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మేదే యూరప్‌లో 18 అని అమ్ముతుంది. ఒకే బ్యాటరీ, రెండు రకాల లెక్క. నా దగ్గర ఇలాంటి కిట్టే ఉంది. పటాలు, రాడ్లు, చెప్పుల స్టాండు, అన్నీ నేనే బిగించాను.

ఏటిగట్టు: ఆయ్, ఊయల సంగతి చెప్పండి ముందు.

ఉలి_సుత్తి: అదే చెప్తున్నా. హెడ్డు గారూ, ఇటుక గోడకి 6 ఎం.ఎం. బిట్టుతో ఎవరైనా కన్నం పెడతారు. ఆయన అడిగింది స్లాబుకి. ఈ కిట్లలో సుత్తి బొమ్మ ఉన్న డ్రిల్లు లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరి టకటకమంటాయి, అంతే. మీరు బలంగా నొక్కితేనే దానికి దెబ్బ. కాంక్రీటుకి కావాల్సింది రోటరీ హామర్. అందులో పిస్టన్ గాలిని నొక్కి దెబ్బ వేస్తుంది, చేతి బలంతో పనిలేదు. ఆ చిన్నదాంతో స్లాబులో కంకర రాయి తగిలితే బిట్టు ఎర్రగా కాలిపోతుంది గానీ కన్నం పడదు. పైగా ఊగే బరువుకి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గట్టా పనికిరాదు, లోపల విచ్చుకుని పట్టే ఇనప యాంకర్ బోల్టు ఉండాలి. అది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు.

ఇక గ్రైండర్. 18ని 1.5తో గుణిస్తే 27 వాట్ అవర్లు, అంటే 27 వాట్లు గంటసేపు. కరెంటు మీద నడిచే నాలుగంగుళాల గ్రైండర్ సుమారు 800 వాట్లు. అంత శక్తి ఈ బ్యాటరీ నుంచి లాగితే రెండు నిమిషాల ముచ్చట. అంత లాగలేదు కాబట్టి మూలుగుతూ కాసేపు తిరుగుతుంది.

రిటైర్డ్_హెడ్డు: మీరే 18తో గుణించారు కదా, మరి మోసం ఎక్కడ? 21 అంటే నిండు ఛార్జింగ్ లెక్క. అది అబద్ధం కాదు.

ఉలి_సుత్తి: 21 రాసినోడు 48 కూడా రాస్తాడండి. బజార్లో ఉన్నాయి.

రిటైర్డ్_హెడ్డు: 48 గురించి ఎవరూ అడగలేదు.

పాలకొల్లు_వైరింగ్: వోల్టులు మీరు తేల్చుకోండి. కొత్తిల్లు గారూ, స్విచ్‌బోర్డుకి నిటారుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ కన్నాలు పెట్టకండి. లోపల వైర్ల పైపులు అలాగే వెళ్తాయి. మెయిన్ ఆపి పని చేయండి, బ్యాటరీ డ్రిల్లుతో ఆ సుఖం ఒకటుంది. గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు కూడా కొన్ని పెట్టెల్లో పడేస్తున్నారు. దాన్ని మాత్రం బిగించొద్దు. చెక్కలో పట్టుకుని వెనక్కి తన్నిందంటే చేతులు పోతాయి.

అంతర్వేది_గాలి: మా వైపు ఉప్పు గాలికి డ్రిల్లులో బిట్టుని పట్టుకునే చక్కు తుప్పు పట్టి బిట్టు ఊడిరావట్లేదు. నూనె రాసి గుడ్డ చుట్టి పెట్టండి.

రిటైర్డ్_హెడ్డు: ఇన్ని లోపాలు చెప్పే మేస్త్రీలు ఫోనెత్తితే ఈ పెట్టె నాకెందుకండి? మా వంటింటి అలమర తలుపు ఊడి వేలాడుతుంటే ఒకాయన దసరా నుంచి ‘రేపొస్తా’ అంటూ సంక్రాంతి దాటించాడు. పండక్కి వచ్చిన చుట్టాలంతా ఆ తలుపే చూశారు. ఆ కోపంతో కొన్నాను. మీ వాళ్లకి చిన్న పనంటే లెక్కలేదు!

ఉలి_సుత్తి: ‘మీ వాళ్లు’ అనకండి. చిన్న పనంటే లెక్కలేనిది ఎవరికి? రెండు కన్నాలకి సామాను బండి మీద కట్టుకుని వెళ్తే ఆ పూట పోయినట్టే. పూట కూలి అడిగితే ‘పది నిమిషాల పనికా’ అని వంద చేతిలో పెడతారు. పది నిమిషాల్లో అవడానికి ఎన్నేళ్లు నేర్చుకున్నామో అడగరు. తర్వాత కిట్టు కొని, బాత్రూం టైలు పగలగొట్టి మళ్లీ పిలుస్తారు. అప్పుడూ అదే వంద.

రిటైర్డ్_హెడ్డు: అయితే రానని చెప్పొచ్చు కదా. రేపు, రేపు అనడం దేనికి?

ఉలి_సుత్తి: రానంటే పెద్ద పని పక్కోడికిస్తారండి. అందుకే రేపంటాం.

ఏటిగట్టు: ఇదీ అసలు గొడవ. వోల్టులు కాదు.

పాలకొల్లు_వైరింగ్: మా పనిలోనూ ఇదే. వీధిలో నలుగురు కలిసి పిలిస్తే పూట నిండుతుంది. కానీ నలుగురు కలవరు.

తణుకు_కొత్తిల్లు: నాకు అర్థమైంది ఏంటంటే, గోడలకి ఒక మంచి డ్రిల్లు చాలు, గ్రైండరూ జిగ్‌సా అక్కర్లేదు. కరెంటు వైరుదే తీసుకుంటాను. ఊయలకి మనిషిని పెట్టుకుంటాను. ఉలి గారూ, తణుకు వస్తారా?

ఉలి_సుత్తి: సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి రావాలి. పూట కూలి, పెట్రోలు వేరే. మెష్ ఫ్రేములు కూడా అప్పుడే చేసేస్తాను. పైన బీము ఎటు వెళ్లిందో తెలిసేలా ఫోటో పెట్టండి. వచ్చే సోమవారం.

రిటైర్డ్_హెడ్డు: పెట్రోలు వేరేనా?