చేతికుట్టు బొమ్మలకి ఫ్రేమ్: జిగురు లేకుండా ఎలా కట్టించాలి?

నీలిదారం (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
అందరికీ నమస్తే. నేను కుట్టిన చిన్న చిన్న బొమ్మలు కొన్ని పోగయ్యాయి, మహా అయితే ఆరంగుళాలు ఇంటూ ఎనిమిది. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఫిషింగ్ హార్బర్ పడవలు, అలాంటివే. కోరా కాటన్ మీద యాంకర్ దారం, ఎక్కువగా కాడకుట్టు, అలల నురుగుకి మాత్రం ముడికుట్లు. ఇవికాక మా అత్తగారు పెళ్లికి ముందు మ్యాటీ క్లాత్ మీద కుట్టుకున్న చిలకల జంట ఒకటుంది, అంచులు పసుపెక్కాయి.

ఊళ్లో ఒక ఫ్రేముల షాపులో చూపిస్తే, అతను బొమ్మ తిరగేసి చూసి "అట్టకి ఫెవికాల్ రాసి అంటించేస్తాం మేడమ్, ముడత కూడా రాదు, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. అలాగే వెనక్కి తెచ్చేసుకున్నాను. జిగురు లేకుండా కట్టించే పద్ధతి ఏమిటి? అద్దం ఉండాలా వద్దా? మాది బీచ్‌కి దగ్గర, వానాకాలం వస్తే బీరువాలో చీరలే బూజు వాసన కొడతాయి. అత్తగారి చిలకల్ని ఉతకొచ్చా?

గాజువాక గురు:
ఇంత టెన్షన్ ఎందుకండీ. కుట్టేటప్పుడు బిగించిన చెక్క రింగులోనే ఉంచేసి, చుట్టూ ఉన్న గుడ్డకి వెనకవైపు కుచ్చు కుట్టు వేసి దారం లాగేస్తే అయిపోయింది. పైన మేకు, కింద బొమ్మ. మా హాల్లో ఉన్నవన్నీ అవే.

పెదవాల్తేరు పిన్ని:
రింగు చూడ్డానికి బాగానే ఉంటుంది గురు గారూ, కానీ పాలిష్ లేని చెక్క గుడ్డకి ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే గోధుమరంగు గీత పడుతుంది. మీరు సరదాగా కుట్టుకున్నవాటికి పరవాలేదు, అత్తగారిదానికి వద్దు.

నీలిదారం గారూ, నా మాట వింటే గుడ్డ పని మీరు చేసుకోండి, చెక్కా అద్దం పని షాపుకి వదిలేయండి. ఫెవికాల్ ఆరాక గుడ్డ పోగుల్లోకి దిగి గట్టిపడుతుంది, తరవాత ఎవరూ తియ్యలేరు. డబుల్ సైడ్ టేపు జిగురు కొన్నేళ్లకి కారి ముందువైపుకి మరకగా వస్తుంది. మామూలు గోధుమరంగు అట్టలోనూ, దినపత్రికలోనూ ఆమ్లం ఉంటుంది, గుడ్డ పసుపెక్కడానికి సగం కారణం అదే. చిలకలు ఇన్నాళ్లూ దేనికి ఆనుకుని ఉన్నాయో ఒకసారి చూడండి.

చెయ్యాల్సింది ఇది. ఆర్ట్ సామాన్ల షాపులో యాసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు అని అడిగి తెచ్చి, ఫ్రేమ్ గాడి (వెనకవైపు బోర్డు కూర్చునే చోటు) కొలత కన్నా అన్నివైపులా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా కొయ్యండి, గుడ్డ మందం పట్టాలిగా. పల్చగా ఉంటే వంగుతుంది, రెండు పొరలు వాడండి. దానిమీద ఉతికి ఆరేసిన తెల్ల కాటన్ ఒకటి పరిచి, ఆపైన మీ బొమ్మ. గంజి మాత్రం పెట్టకండి, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులకి గంజి అంటే విందు. బొమ్మ చుట్టూ కనీసం రెండంగుళాల గుడ్డ మిగలాలి. పోగు నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకుంటూ బోర్డు అంచులో గుండుసూదులు గుచ్చండి, ప్రతివైపూ నడిమి నుంచి మూలలకి. ఇక్కడి ఉప్పుగాలికి మామూలు సూదులు రెండు రోజుల్లో తుప్పెక్కుతాయి, ఆ మరక ఇక పోదు, స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి, పని అవగానే పీకేయండి. ఇప్పుడు తిరగేసి, గట్టి కాటన్ దారంతో ఒక అంచు నుంచి ఎదురంచుకి నవారు మంచం అల్లినట్టు లాక్కుంటూ పోవాలి, కుట్టుకీ కుట్టుకీ సెంటీమీటరు చొప్పున. ముందు పొడవు వైపు, తరవాత అడ్డం. దారం ఒక్కసారే బిగించకండి, అంతా అల్లాక నడిమి నుంచి కొంచెం కొంచెంగా లాగితే ముడత దానంతటదే పోతుంది. మరీ లాగితే పడవ తెరచాప వంకరపోతుంది, అది ముందువైపు చూస్తేనే తెలుస్తుంది కాబట్టి మధ్యమధ్యలో తిప్పి చూడండి.

ఉతకడం సంగతి: ముందు వెనకవైపు ప్రతి రంగు దారం మీదా తడి తెల్ల గుడ్డ కాసేపు అదిమి చూడండి. ఎరుపూ నలుపూ మోసం చేస్తాయి. ఏ మాత్రం రంగు అంటినా నీళ్ల జోలికి పోవద్దు.

లాసన్స్‌బే లలిత:
అద్దం మీద నాది వేరే మాట. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా ఇంట్లో అద్దం వేసిన ఫ్రేములే పాడయ్యాయి, లోపల తడి చేరి బయటికి పోయే దారి లేక బూజు పట్టింది. అద్దం లేనివి ఆరబెడితే బాగుపడ్డాయి. సముద్రం ఊళ్లో కుట్టుపనికి గాలి తగలాలి.

పెదవాల్తేరు పిన్ని:
లలిత గారూ, బూజు రావడానికి అద్దం కన్నా అద్దం గుడ్డకి అంటుకుని ఉండటం పెద్ద కారణం. గాల్లో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే ఎక్కడైనా వస్తుంది, మనకి ఏడాదిలో చాలా రోజులు అంతే. మధ్యలో అయిదారు మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేలా స్పేసర్ పట్టీ వేయించాలి. గాడి లోతు కనీసం ముప్పావు అంగుళం ఉండే ఫ్రేమ్ అడిగితే అద్దం, ఖాళీ, బోర్డు, వెనకట్ట అన్నీ పడతాయి. వెనక కింది మూలల్లో ఫెల్ట్ ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే బయటి గోడకి మాత్రం తగిలించకండి. ఎండ పడే చోటూ వద్దు, మ్యూజియంల్లో బట్టలకి 50 లక్స్ మించి వెలుతురు పెట్టరు, మామూలు అద్దం రంగు వెలవడాన్ని ఆపదు.

నీలిదారం:
చిలకల కింద నిజంగానే పాత పేపర్ ఉంది! తీసేశాను. ఎరుపు దారం తడిగుడ్డకి అంటింది, కాబట్టి ఉతకను. చిలకలకి స్పేసర్‌తో అద్దం, పడవలకి అద్దం లేకుండా అనుకుంటున్నా, ముడికుట్లు అద్దం వెనక చదునుగా కనిపిస్తాయనిపిస్తోంది. షాపతను లోతు ఫ్రేమ్ ఉందన్నాడు, రేటు మాత్రం బాగా ఎక్కువ చెప్పాడు. అద్దం లేనివాటికి దుమ్ము దులపడం ఎలా?

లాసన్స్‌బే లలిత:
మెత్తటి వాటర్‌కలర్ బ్రష్‌తో పైనుంచి కిందికి. పట్టకపోతే వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి నైలాన్ నెట్ కట్టి, తక్కువ స్పీడులో, గుడ్డకి తాకకుండా. తడిగుడ్డ అస్సలు వద్దు, ముఖ్యంగా ముడికుట్ల మీద. రేటు బేరమాడండి, అంటించే పని తప్పిందిగా అతనికి.