అప్‌డేట్: ఆఫీసులో ఎవరినీ కంగారు పెట్టని చిన్న చాకు దొరికింది

పార్సిళ్లు, టేపు, చొక్కా దారాలు కోయడానికి ఆఫీసుకి ఏ చాకు నప్పుతుందని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ అనే చిన్న మడత చాకు తీసుకోమన్న మాటే పనికొచ్చింది. మూస్తే 58 మిల్లీమీటర్లు, తాళాలగుత్తిలో కలిసిపోతుంది. నిజానికి చాకుకన్నా అందులోని కత్తెరకే పని ఎక్కువ. పక్క సీటువాళ్లూ అడిగి తీసుకుంటున్నారు.

బ్లేడుకి లాక్ ఉండదు. మొనతో పొడిచినా, వెన్ను మీద ఒత్తినా వేళ్ల మీదకి మూసుకుంటుంది. టేపు మీద దాదాపు పడుకోబెట్టి లాగండి, లోపలి వస్తువుకి గీత పడదు. జిగురు అంటితే శానిటైజర్‌తో తుడిచి, ఆరాక కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే చాలు.

ఏ రకం స్టీలు, ఒంటిచేత్తో తెరుచుకుంటుందా అన్న చర్చ ఈ పనికి అక్కర్లేకపోయింది. ఆఫీసు సెక్యూరిటీని మాత్రం ముందే అడగండి. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి.