పుల్ ఓవర్ అంటే బండి లాగించడం కాదు

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియా వచ్చి మూడు వారాలైంది. నిన్న డ్రైవింగ్ నేర్పే ఆయన "పుల్ ఓవర్ హియర్" అన్నారు. పుల్ అంటే లాగడం కదా, ఇంకాస్త లాగించమంటున్నారనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. ఆయనే బ్రేక్ వేశారు. ఈ మాట ఎక్కడెక్కడ వాడతారు? వచ్చే వారమే టెస్టు, టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, పుల్ ఓవర్ అంటే బండిని రోడ్డు పక్కకు తీసి ఆపడం. ఉన్నచోటే ఆపేస్తే అది పుల్ ఓవర్ కాదు. ఇక్కడ కుడివైపు నడుపుతాం కాబట్టి కుడి అంచుకే తీయాలి. టెస్టులో కర్బ్ (రోడ్డు అంచున ఎత్తుగా ఉండే గట్టు) పక్కకు తీయించి, అక్కడి నుంచి మూడు కార్ల పొడవు నేరుగా రివర్స్ చేయిస్తారు. కర్బ్‌కు మూడు అడుగుల లోపే ఉండాలి.

ఎవరైనా "ఐ గాట్ పుల్డ్ ఓవర్" అన్నారంటే పోలీసులు ఆపారని. నీకు గట్టిగా చెప్పాలనుకున్నది దీని గురించే. విజయవాడలో పోలీసు చెయ్యెత్తితే బండి దిగి, కాగితాలు పట్టుకుని మనమే ఆయన దగ్గరికి వెళ్తాం. వచ్చిన కొత్తలో ఇక్కడా అలాగే దిగాను. కారులోకి వెళ్ళమని వెనక నుంచి మైకులో ఒకటే అరుపు. చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. మనం మర్యాద అనుకునేది వాళ్ళకు ప్రమాదంలా కనిపిస్తుంది.

అందుకే దిగకు. ఇంజిన్ ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో. రాత్రయితే లోపలి లైటు వెయ్యి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అడిగాకే తియ్యి, అదీ ఎక్కడున్నాయో చెప్పి తియ్యి. కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి, ఎందుకు ఆపారో పోలీసులే ముందు చెప్పాలి, ఆ తర్వాతే ప్రశ్నలు. టికెట్ (మన చలానా లాంటిది) మీద సంతకం పెట్టమంటే పెట్టు. అది తప్పు ఒప్పుకోవడం కాదు, కోర్టుకు జవాబిస్తానని మాటివ్వడం.

అంబులెన్సు సైరన్ వినిపించినా ఇదే పని: కుడి అంచుకు తీసి, అది దాటేదాకా ఆగాలి. ఫ్రీవే మీద మాత్రం ఫోన్ కోసమో నీళ్ళ కోసమో షోల్డర్ (రోడ్డు పక్కన ఖాళీగా వదిలే అంచు) మీద ఆపకు, ఎగ్జిట్ తీసుకుని బయటికి వచ్చి ఆపు.

—

తమ్ముడూ, అన్నయ్య చెప్పినదానికి ఇంకొంచెం. "పుల్ ద కార్ ఓవర్" అని మధ్యలో కారు పెట్టి కూడా అంటారు, తికమక పడకు. షాపులో పుల్‌ఓవర్ అని కలిపి రాసి ఉంటే అది తల మీది నుంచి తొడుక్కునే స్వెట్టర్. టెస్టులో కర్బ్ దగ్గర ఆపించాక "పుల్ అవుట్" అంటారు. మళ్ళీ రోడ్డెక్కమని అర్థం. ఆ మాట వినగానే కదలకు. ఇండికేటర్ వేసి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకుని అప్పుడు కదులు.