పిల్లికి ఇంటి తిండి సరిపోతుందా, ప్యాకెట్ పెట్టాల్సిందేనా?

మిట్టూ_అమ్మ: మాది మియాపూర్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్. మిట్టూకి ఎనిమిది నెలలు. రెండో నెల నుంచీ బోన్‌లెస్ చికెన్ ఉడికించి కాస్త అన్నం కలిపి పెడుతున్నాను. పచ్చి మాంసమే మంచిదని ఒకరు, ప్యాకెట్ తప్ప ఏదీ వద్దని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యాలి?

కాకినాడ_బాబాయ్: ఇంటి తిండిని మించింది లేదమ్మా. మా అమ్మ పెరుగన్నం, చేప తలకాయలు పెట్టి ముప్పై ఏళ్ళు పిల్లుల్ని సాకింది. పచ్చిదే పెట్టు. అడవిలో పులికి ఎవరు వండి పెడుతున్నారు?

వెటర్నరీ_మూడో_ఏడు: బాబాయ్ గారూ, పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే రావాలి. ఒంట్లో చాలినంత తయారు కాదు. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం పల్చబడి సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకు కారణం టారిన్ లోపమని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చాకే కంపెనీలు ప్యాకెట్ తిండిలో దాన్ని పెంచాయి. మాంసం ఉడికించి నీళ్ళు పారబోస్తే టారిన్ వాటితో పోతుంది. 2019లో అదే యూనివర్సిటీ వాళ్ళు పిల్లుల కోసం రాసిన 114 ఇంటి వంటకాలు లెక్కగడితే, ఒక్కటీ అన్ని పోషకాలూ ఇవ్వలేదు.

కాకినాడ_బాబాయ్: అంటే 1987లో జబ్బుపడ్డవి ప్యాకెట్ తిన్న పిల్లులే కదా! నీళ్ళంటారా, ఆ నీళ్ళతోనే పెడితే సరిపోయె.

నెల్లూరు_నేస్తం: పచ్చి చికెన్ మాత్రం వద్దండీ. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ చూశాం కదా. 2024 చివర్లో అమెరికా ఒరెగాన్‌లో పచ్చి టర్కీ మాంసం తిన్న పెంపుడు పిల్లి ఆ వైరస్‌తోనే చచ్చిపోయింది.

వెటర్నరీ_మూడో_ఏడు: నీళ్ళు కలపడం మంచిదే. మరి కాల్షియం? ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. ఆ లోటు పూడ్చడానికి ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది.

కాకినాడ_బాబాయ్: నీళ్ళ సంగతి ఒప్పుకున్నారు కదా, అది చాలు.

గన్నవరం_రాణి: ఏం చాలు? మా చిన్నిదానికి నాలుగు నెలలు బోన్‌లెస్సే పెట్టాను. మంచం మీంచి దిగబోయి వెనక కాలు విరిగింది. మూరెడు ఎత్తు! ఎక్స్‌రేలో ఎముక పొగలా ఉంది. బతకలేదు. మీలా తెలిసినట్టు చెప్పినవాళ్ళ మాట వినే పెట్టాను.

కాకినాడ_బాబాయ్: నామీద అరవకమ్మా. మా పోతుపిల్లికి రెండేళ్ళు పొడి ప్యాకెట్టే పెట్టాం. మూత్రం ఆగిపోయి రాత్రంతా అరిచింది. గొట్టం వేసిన డాక్టరే బిల్లుతో పాటు ఇంకో ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఎలా నమ్మమంటావు?

వెటర్నరీ_మూడో_ఏడు: పొడి తిండి తిని నీళ్ళు తక్కువ తాగే పోతుపిల్లులకు ఆ ముప్పు నిజమే. తడి ఆహారం పెట్టాల్సింది. కానీ మీ అమ్మగారి పిల్లులు ఎలకల్ని పట్టేవి కాదా? ఎలకంటే ఎముక, గుండె, కాలేయం అన్నీను. పెరుగన్నం పైపైన. ఆరో అంతస్తులో ఎలక ఎక్కడిది? మనం పెట్టిందే దానికి లోకం.

కాకినాడ_బాబాయ్: పట్టేవి. గాదె కింద పట్టేవి. అయినా గిన్నెలో గింజలు పోసి మన పని మనం చూసుకోవడం తిండి పెట్టడమేనా? పిల్లలు దూరాన ఉన్నారు. ముల్లు తీసి చేప పెడుతుంటే నా మోకాలికి ఒళ్ళు రాస్తుంది. ఆ కాసేపూ మానమంటున్నారు మీరు.

గన్నవరం_రాణి: నేనూ చేత్తోనే పెట్టాను బాబాయ్ గారూ. ముద్ద ముద్ద నలిపి.

కాకినాడ_బాబాయ్: …

వెటర్నరీ_మూడో_ఏడు: మానమనడం లేదు. పోషకాహారం తెలిసిన పశువైద్యులతో లెక్క వేయించుకుని కాల్షియం, టారిన్ కలిపి వండండి. రోజూ కాలేయం పెట్టకండి, విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి. ఉల్లి, వెల్లుల్లి అసలొద్దు.

మిట్టూ_అమ్మ: అన్నీ చదివాను. రెండు రోజులుగా మిట్టూ సోఫా ఎక్కడం లేదు. కిందే కూర్చుని నా వైపు చూస్తోంది. అలిగిందనుకున్నాను. పొద్దున్నే ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాను.

గన్నవరం_రాణి: చంకలో ఎత్తుకెళ్ళకమ్మా. అట్టపెట్టెలో మెత్తని గుడ్డ వేసి పడుకోబెట్టు.