సంత రోజు వచ్చినవాళ్లంతా ఒకే గ్రూపైతే అది రాండమైజేషనేనా?

పర్లాకిమిడి పిల్ల:
ఫిజియోథెరపీ పీజీ థీసిస్‌కి మోకాలి నొప్పి ఉన్న 60 మంది కావాలి, మా ఊరి దగ్గర చిన్న ఓపీలో తీసుకుంటున్నా. సోమ, బుధ, శుక్ర వచ్చినవాళ్లకి కొత్త ఎక్సర్‌సైజులు, మిగతా రోజుల వాళ్లకి పాతవి అనుకున్నాం. ఇది రాండమ్ (అంటే లాటరీలా పంచడం) కాదు, వైవాలో ఉతికేస్తారని ఒక సీనియర్ అన్నాడు. ఎవరు ఏ రోజు వస్తారో నా చేతిలో లేదు కదా, ఇంకేం కావాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.

బరంపురం మాస్టారు:
మీ దగ్గర సంత ఏ రోజమ్మా? ఆ రోజు కొండల మీంచి సవరవాళ్లు బరువులు మోసుకుని దిగి, సంత పని చూసుకుని, అటునుంచటే ఓపీకి వస్తారు. మిగతా రోజుల్లో టౌన్‌లోని రిటైరైనవాళ్లు వస్తారు. ఆ మోకాళ్లూ ఈ మోకాళ్లూ ఒకటేనా? అంతకంటే పెద్ద తిప్పలు ఇంకోటుంది: రేపు ఏ గ్రూపో నీకు ముందే తెలుసు. బాగా కుంటుతున్న ముసలావిడ సోమవారం వస్తే 'రేపు రా మామ్మా' అని నీకు తెలియకుండానే అనేస్తావు. 1948లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ క్షయ ట్రయల్‌లో బ్రిటన్ గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ 107 మందినీ రాండమ్ నంబర్లతో విడదీసి, గ్రూపు పేరు సీలు కవర్లలో పెట్టించాడు. పేషెంటును ట్రయల్‌లోకి తీసుకున్నాకే కవరు చింపేవారు.

పర్లాకిమిడి పిల్ల:
అయితే బొమ్మా బొరుసూ వేసేస్తే సరిపోతుందా?

రాయగడ నుంచి:
రాండమే, కానీ 60 మందికి సరిగ్గా 30-30 పడే అవకాశం పదింట ఒక వంతే, 36-24 పడితే ఏడుస్తావు. బ్లాకులు వాడు: ప్రతి నలుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ఎప్పుడూ నాలుగే అయితే ముగ్గురయ్యాక నాలుగో మనిషి గ్రూపు నువ్వే చెప్పేయగలవు కాబట్టి మధ్యమధ్యలో ఆరుగురి బ్లాకులు కూడా కలిపించు, సైజులు నీకు తెలియకూడదు.

గుణుపురం అక్క:
ఇంకో సంగతి, ఒకే ఆటోలో వచ్చిన ఇద్దరు దారిలోనే ఒకరి ఎక్సర్‌సైజులు ఇంకొకరికి నేర్పేసుకుంటారు. అందుకే కొన్నిచోట్ల మనుషుల్ని కాకుండా ఊళ్లకు ఊళ్లే పంచుతారు. 2010లో ఫలితాలు వచ్చిన ఝార్ఖండ్, ఒడిశా మహిళా సంఘాల ట్రయల్‌లో అలా 36 క్లస్టర్లు (ఊళ్ల గుంపులు). నీ 60 మందితో అది కుదరదు గానీ, ఒకే ఇంటివాళ్లు ఇద్దరొస్తే ఏం చేస్తావో ముందే రాసిపెట్టుకో.

పర్లాకిమిడి పిల్ల:
లిస్టు మా చెల్లి చేత తీయించి, కవర్లు కూడా తననే అంటించమనొచ్చా?

బరంపురం మాస్టారు:
భేషుగ్గా. లైటుకి పెట్టి చూసినా కనపడని మందం కవర్లు తెచ్చి నంబర్లు వేయించు. లిస్టు మాత్రం ఫ్రిజ్ మీద పెట్టొద్దని చెప్పు.